స్ట్రక్చరా, టూ-డీ అర్రేనా? సి నేర్చుకునేవాళ్లు దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి

సి లాంగ్వేజ్ సిలబస్‌లో అర్రేలు (ఒకే రకం విలువల వరస; అడ్డంగా, నిలువుగా పట్టికలా ఉంటే టూ-డీ అర్రే) ఒక యూనిట్‌లో ఉంటాయి, స్ట్రక్చర్లు (ఒకదానికి చెందిన వివరాలన్నింటినీ పేర్లతో కలిపి ఉంచే కట్ట) ఇంకో యూనిట్‌లో ఉంటాయి. రెండింటి సింటాక్సూ పిల్లలు బాగానే నేర్చుకుంటారు. మ్యాట్రిక్స్ గుణకారం రాయమంటే రాస్తారు, స్టూడెంట్ స్ట్రక్చర్ రాయమన్నా రాస్తారు. ప్రశ్నలో "స్ట్రక్చర్ వాడి రాయండి" అన్న ముక్క లేనప్పుడే చిక్కు. ఎవరిదో లెక్కల పుస్తకం ముందు పెట్టి దీనికి ప్రోగ్రాం రాయమంటే, దేనితో మొదలుపెట్టాలో తోచదు. అనంతపురంలో, కర్నూలులో ఫస్టియర్ పిల్లలకు సి చెబుతూ నేను ఎక్కువగా చూసిన తికమక ఇదే.

పుస్తకాల్లో ఉండే జవాబు అందరికీ తెలుసు: ఒకే టైపు డేటా అయితే అర్రే, రకరకాల టైపులు కలిస్తే స్ట్రక్చర్. అది తప్పు కాదు, కానీ ఎంచుకోవడానికి చాలదు. నేను చెప్పే పరీక్ష వేరే. రెండో ఇండెక్స్‌లో, అంటే రెండో బ్రాకెట్‌లో, ఉన్న అంకె నిజంగా అంకేనా, లేక దాని వెనక ఒక పేరు ఉందా? అంకె అయితే టూ-డీ అర్రే తీసుకోండి. పేరు ఉంటే స్ట్రక్చర్ తీసుకోండి. ఎటూ తేలకపోతే స్ట్రక్చర్ వైపే మొగ్గండి.

కోడ్ ముక్కల్ని చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కంప్యూటర్లో కొట్టేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాలే.

వాన లెక్క

అనంతపురం జిల్లాలో 31 మండలాలు. ఒక్కో మండలంలో నెలనెలా ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో దాచుకోవాలి.

ఫ్లోట్ వాన[31][12];

ఫ్లోట్ అంటే దశాంశాలు పట్టే టైపు. ఏ గడి చూసినా మిల్లీమీటర్లే. అడ్డంగా కూడితే ఒక మండలానికి ఏడాది మొత్తం వస్తుంది. నిలువుగా కూడి 31తో భాగిస్తే ఆ నెలలో జిల్లా సగటు వస్తుంది. నైరుతి వానలు కావాలంటే జూన్ నుంచి సెప్టెంబరు, అంటే లూప్‌ను 5 నుంచి 8 దాకా తిప్పాలి, ఎందుకంటే సి లెక్కలో జనవరి 0. ఈశాన్య వానలకు 9 నుంచి 11. నెల ఇక్కడ అసలైన అంకె. దానికి ముందు నెల ఉంది, తర్వాత నెల ఉంది, ఈ నెలకూ పోయిన నెలకూ తేడా తీస్తే అర్థముంది. ఇలాంటి చోట స్ట్రక్చర్ తెచ్చి జనవరికి ఒక మెంబరు (స్ట్రక్చర్ లోపల పేరున్న గడి), ఫిబ్రవరికి ఒక మెంబరు అని పన్నెండు రాస్తే లూప్ తిప్పే దారే మూసుకుపోతుంది.

లోపల ఏం జరుగుతుందో కూడా చూడండి. మెమరీలో పట్టిక ఏమీ ఉండదు, 372 ఫ్లోట్లు వరసగా ఉంటాయి. మొదటి మండలం పన్నెండు నెలలు అయ్యాక రెండో మండలం మొదలవుతుంది. వాన[4][6] అని అడిగితే కంపైలర్ (మన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాం) 4ను 12తో గుణించి 6 కలుపుతుంది, 54 వస్తుంది. ఫ్లోట్‌కు నాలుగు బైట్లు కాబట్టి మొదటి గడి నుంచి 216 బైట్ల దూరంలో మీ జూలై ఉంటుంది. ఈ గుణకారానికి 12 తప్పనిసరిగా తెలియాలి, 31 తెలియకపోయినా పని నడుస్తుంది. ఫంక్షన్‌కు పంపేటప్పుడు వాన[][12] అని మొదటి బ్రాకెట్ ఖాళీగా వదిలి, రెండోది మాత్రం నింపి తీరాల్సింది ఇందుకే. కారణం తెలిస్తే ఈ రూల్‌ను బట్టీ పట్టే పని ఉండదు.

ఇక అర్రే హద్దులు. సి వాటిని చూడదు. లూప్‌లో "12 కంటే తక్కువ" అని రాయాల్సిన చోట "12 లేదా తక్కువ" అని రాశారనుకోండి. వాన[4][12] అన్నది లేని గడి. స్టాండర్డ్ ప్రకారం అలా చదివితే ఏం జరుగుతుందో హామీ లేదు. మామూలుగా జరిగేది మాత్రం పక్క మండలం జనవరి వచ్చి ఈ మండలం మొత్తంలో కలవడం. అనంతపురంలో జనవరి వాన దాదాపు సున్నా. కాబట్టి ముప్పై మండలాల మొత్తాలు సరిగ్గానే కనిపిస్తాయి. చివరి మండలం అర్రే దాటిపోయి చెత్త విలువ తెచ్చుకుంటుంది, కొన్నిసార్లు ఆ చెత్త కూడా సున్నాయే అవుతుంది. తప్పు మీ కంట పడదు. అందుకే టెస్ట్ చేసేటప్పుడు నిజం డేటా ఇవ్వకండి. అన్ని గడుల్లో 1 పెట్టి చూడండి, ప్రతి మండలానికి 12 రావాలి, 13 వస్తే లూప్ దాటిందని అక్కడే తెలిసిపోతుంది.

ఉల్లిగడ్డ లాట్లు

ఇప్పుడు కర్నూలు మార్కెట్ యార్డుకు పోదాం. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, క్వింటా ధర. ఒక్కో లాట్‌కు ఈ ఐదూ రాసుకోవాలి. ఇక్కడ మొదట్లో అందరూ చేసే పని, ఐదు వేరువేరు అర్రేలు పెట్టడం. పేర్లకు ఒకటి, ఊళ్లకు ఒకటి, ధరలకు ఒకటి. ఏడో లాట్ అంటే అన్నింట్లోనూ ఏడో గడి.

డేటా ఎక్కించి ప్రింట్ చేసేంత వరకు ఇది బాగానే ఉంటుంది. ధర ఎక్కువ ఉన్న లాట్ పైకి రావాలని సార్టింగ్ మొదలుపెట్టినప్పుడు అసలు కష్టం తెలుస్తుంది. బబుల్ సార్ట్‌లో ధర[జె], ధర[జె+1] తారుమారు చేస్తారు. పేర్లూ, ఊళ్లూ, బస్తాలూ, తూకాలూ కూడా అదే తీరుగా మార్చాలి, ఒక్కో మార్పుకు మూడు లైన్లు, పేర్లకు స్ట్రింగ్ కాపీ అదనం. ఏ ఒక్కటి మరిచినా కంపైలర్ నోరెత్తదు. కోడుమూరు రైతు ధర దేవనకొండ రైతు పేరు మీదకు పోతుంది. అది డబ్బు లెక్క, చీటీ పట్టుకున్న మనిషి ఏడాది కష్టం. ఇలాంటి చోట "గుర్తు పెట్టుకుని రాస్తాను" అనడం సరిపోదు, తప్పు జరగడానికి వీల్లేకుండా డేటానే అమర్చాలి.

స్ట్రక్ట్ లాట్ {
  చార్ రైతు[40];
  చార్ ఊరు[30];
  ఇంట్ బస్తాలు;
  ఫ్లోట్ క్వింటాళ్లు;
  ఫ్లోట్ ధర;
};
స్ట్రక్ట్ లాట్ లాట్లు[200];

చివరి మీసాల బ్రాకెట్ తర్వాత సెమీకోలన్ మరవకండి. అది లేకపోతే ఎర్రర్ చాలాసార్లు కింది లైన్‌లో చూపిస్తుంది, మీరు అక్కడ వెతుకుతూ కూర్చుంటారు.

ఇప్పుడు తారుమారుకు మూడే లైన్లు: టెంప్‌లో (తాత్కాలికంగా దాచే చోటు) లాట్లు[జె], లాట్లు[జె]లో లాట్లు[జె+1], లాట్లు[జె+1]లో టెంప్. పేరు, ఊరు, ధర అన్నీ కలిసే కదులుతాయి. మామూలు అర్రేను ఇంకో అర్రేకు ఈక్వల్ గుర్తుతో ఇవ్వడం సి ఒప్పుకోదు. స్ట్రక్చర్‌కు ఒప్పుకుంటుంది, లోపలున్న చార్ అర్రేలతో సహా మొత్తం కాపీ అవుతుంది. స్ట్రక్చర్ వాడటానికి ఇదొక్కటే కారణమైనా చాలని నేనంటాను.

కొందరు తెలివిగా ఇంకో దారి పడతారు: అంకెలన్నీ ఫ్లోటే కదా అని లెక్క[200][3] పెట్టి, 0లో బస్తాలు, 1లో తూకం, 2లో ధర. లెక్క[ఐ][1]ను లెక్క[ఐ][2]తో గుణిస్తే మొత్తం వస్తుంది. రాసిన రోజు అర్థమవుతుంది, నెల తర్వాత 1 ఏమిటో 2 ఏమిటో పైకి పోయి చూసుకోవాలి. నా పరీక్ష పెట్టి చూడండి. బస్తాలకూ తూకానికీ ధరకూ అడ్డంగా కూడితే ఏమొస్తుంది? 57 బస్తాలు, 26.4 క్వింటాళ్లు, 1,200 రూపాయలు కూడితే దేనికీ పనికిరాని అంకె. కాలమ్ మీద లూప్ తిప్పే అవసరమే లేదంటే అది కాలమ్ కాదు, పేరు. ఈనమ్ పెట్టి 0, 1, 2లకు పేర్లివ్వొచ్చు, చదవడం కాస్త తేలికవుతుంది. కానీ రేపు రైతు ఫోన్ నంబరు కూడా కావాలంటే ఆ ఫ్లోట్ అర్రేలో దానికి చోటు లేదు. ఫ్లోట్ 1,67,77,216 దాటిన పూర్ణాంకాలన్నింటినీ తేడా లేకుండా పట్టుకోలేదు, పదంకెల నంబరు చివర్లో మారిపోతుంది. మామూలు ఇంట్ గరిష్ఠం 2,14,74,83,647 కాబట్టి 9తో మొదలయ్యే నంబరు అందులోనూ పట్టదు. ఫోన్ నంబర్‌ను చార్ అర్రేలోనే పెట్టాలి, స్ట్రక్చర్‌లో అయితే ఒక లైన్ కలిపితే పని అయిపోతుంది.

రెండూ కలిసే చోటు

మార్కుల ప్రోగ్రాంకు ఏది వాడాలని ఎక్కువమంది అడుగుతారు. అరవై మంది, ఐదు సబ్జెక్టులు. సబ్జెక్టువారీ సగటు, ఎవరికి ఎంత మొత్తం, ఇంతే కావాలంటే మార్కులు[60][5] చాలు. ర్యాంకులు వేసి పేర్లతో లిస్టు అంటించాలంటే మాత్రం:

స్ట్రక్ట్ స్టూడెంట్ {
  చార్ హాల్‌టికెట్[11];
  చార్ పేరు[40];
  ఇంట్ మార్కులు[5];
};

హాల్‌టికెట్ నంబరును ఇంట్‌గా పెట్టేవాళ్లున్నారు. అనంతపురం జేఎన్‌టీయూ నంబర్లలో మధ్యలో అక్షరం ఉంటుంది, పది గుర్తులు, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి నల్ కోసం ఇంకొకటి, మొత్తం పదకొండు. పేరు ఉన్న ముక్కలు మెంబర్లయ్యాయి, లూప్ తిరగాల్సిన మార్కులు అర్రేగానే మిగిలాయి. బయట పనిచేసే ప్రోగ్రాంలలో మీకు ఎక్కువగా కనపడేది ఈ రూపమే, స్ట్రక్చర్ల అర్రే, ఒక్కో స్ట్రక్చర్ లోపల చిన్న అర్రే.

వాన లెక్కకు కూడా ఒక దశ దాటాక ఇదే మేలు. 2022 ఏప్రిల్‌కు ముందు ఉమ్మడి అనంతపురం జిల్లాకు 63 మండలాలు. విభజనలో 31 ఇటు ఉండిపోయాయి, 32 శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి. పాత డేటా వాన[63][12]లో ఉందనుకోండి. 40వ వరస ఏ మండలమో ఎవరు చెప్పాలి? ఆ జాబితా ఇంకెక్కడో కాగితం మీద ఉంటుంది. కొత్త డేటాలో వరసలు మారిపోయాయి కాబట్టి పాత 12వ వరసకూ కొత్త 12వ వరసకూ సంబంధం లేదు. మండలం పేరు, జిల్లా, ఏడాది, వాటి పక్కనే వాన[12] పెట్టుకున్న స్ట్రక్చర్ అయితే ఏ వరస ఎక్కడికి కదిలినా తన పేరు తనతోనే తీసుకుపోతుంది. ధర్మవరం జిల్లా మారితే ఆ ఒక్క మెంబర్‌ను మారుస్తారు. అందుకే నా సలహా ఇది: ఒక్కసారి లెక్క వేసి వదిలేసేదైతే టూ-డీ అర్రే, ఏళ్ల తరబడి దాచేదైతే స్ట్రక్చర్.

సి పుట్టినప్పుడు కూడా స్ట్రక్చర్ అవసరం ఇలాగే తెలిసింది. 1972లో కెన్ థాంప్సన్ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంను తొలినాళ్ల సి లో రాయబోయి విరమించుకున్నాడు, అప్పటికి ఆ భాషలో స్ట్రక్చర్లు లేవు. సి భాషను తయారుచేసిన డెనిస్ రిచీ వాటిని చేర్చాక, 1973 వేసవిలో యూనిక్స్ కెర్నల్‌ను సి లోకి తిరగరాశారు.

పేర్లు తెలుగులో పెడితే

మూడు ఊళ్ల పేర్లు దాచాలి. చార్ ఊళ్లు[3][20] రాస్తారు, ఇదీ టూ-డీ అర్రేనే. ఇంగ్లీషు అక్షరాలైతే 20 ధారాళంగా సరిపోతుంది. కానీ యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు, గుణింతమూ పొల్లూ కూడా విడి గుర్తులే. కర్నూలు అంటే క, ర, పొల్లు, న, దీర్ఘం, ల, కొమ్ము. ఏడు గుర్తులు, 21 బైట్లు, నల్‌తో 22. అనంతపురం 25. కడప 10. స్ట్రింగ్ కాపీతో ఈ మూడూ వరసగా ఎక్కిస్తే కర్నూలు తోక అనంతపురం చోట్లోకి పోతుంది, తర్వాత వచ్చిన అనంతపురం ఆ తోకను చెరిపేస్తుంది, దాని తోకను కడప చెరిపేస్తుంది. అప్పుడు ఊళ్లు[0]ను ప్రింట్ చేస్తే మామూలుగా కనపడేది "కర్నూల", ఒక చెత్త గుర్తు, వెంటనే "అనంతపు", మళ్లీ చెత్త గుర్తు, చివర "కడప". మధ్యలో నల్ ఎక్కడా మిగల్లేదు గదా.

స్ట్రక్చర్ వాడినంత మాత్రాన ఈ బెడద పోదు. పైన రైతు[40] పెట్టాం. వెంకటేశ్వర్లు అన్న పేరు పదమూడు గుర్తులు, 39 బైట్లు, నల్‌తో సరిగ్గా 40. ముందు ఇంటిపేరు పొడి అక్షరం ఒక్కటి పెట్టినా దాటిపోయి పక్కనున్న ఊరు మెంబర్‌లో పడుతుంది. తెలుగు పేర్లు పెట్టాలనుకుంటే మనసులో అనుకున్న సైజును మూడుతో గుణించండి, చదవడానికి సైజు అడిగే ఎఫ్‌గెట్స్ వాడండి. సైజు అడగని గెట్స్‌ను 2011 స్టాండర్డ్ నుంచే తీసేశారు, ల్యాబ్ రికార్డుల్లో ఇంకా కనపడుతుంటే కాపీ కొట్టకండి.

మారని పేర్ల జాబితా అయితే, ఉదాహరణకు పన్నెండు నెలల పేర్లు, టూ-డీ చార్ అర్రే కంటే పాయింటర్ల (అడ్రస్‌ల) అర్రే మేలు. ఎవరి పొడవు వాళ్లదే, సైజు లెక్క మీకు ఉండదు. కాకపోతే ఆ స్ట్రింగుల్లో మార్పులు చేయకూడదు.

ఫంక్షన్లు, సైజు, వేగం

అర్రేను ఫంక్షన్‌కు పంపితే అడ్రస్ మాత్రమే పోతుంది, లోపల మారిస్తే బయటా మారుతుంది. స్ట్రక్చర్‌ను పంపితే కాపీ పోతుంది, లోపల ధర మార్చినా బయట పాత ధరే ఉంటుంది. మారాలంటే అడ్రస్ పంపి, లోపల చుక్క బదులు బాణం గుర్తు వాడాలి. "మార్చాను, మారలేదు" అని వచ్చే సందేహాల్లో చాలా వాటికి ఇదే జవాబు.

రెండు స్ట్రక్చర్లు సమానమా అని డబుల్ ఈక్వల్‌తో అడగడం కుదరదు. మెంబర్లను ఒక్కొక్కటిగా పోల్చాలి. మెమరీని బైట్లుగా పోల్చే మెమ్‌కంప్ కూడా నమ్మదగింది కాదు. మన లాట్ మెంబర్ల బైట్లు కూడితే 82 వస్తాయి, జీసీసీ కంపైలర్‌లో సైజాఫ్ (ఎన్ని బైట్లో చెప్పేది) అడిగితే 84 అంటుంది. ఊరు 70వ బైట్‌తో ముగుస్తుంది, ఇంట్ నాలుగు భాగించే చోట మొదలవ్వాలి కాబట్టి మధ్యలో రెండు బైట్లు ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో ఏముంటుందో చెప్పలేం. పాత టర్బో సి కంపైలర్‌లో ఇంట్ రెండే బైట్లు, అక్కడ చూసిన సైజును ఇక్కడ పరీక్షలో రాయకండి.

పెద్ద టూ-డీ అర్రేను ఫంక్షన్ లోపల ప్రకటించడం ఇంకో ప్రమాదం. ఇంట్ పట్టిక[2000][2000] అంటే ఒక కోటీ అరవై లక్షల బైట్లు. ఫంక్షన్ లోపలి వేరియబుల్స్ ఉండే స్టాక్ లినక్స్‌లో మామూలుగా 8 ఎంబీ, విండోస్‌లో 1 ఎంబీ. ఆ ఫంక్షన్ నడవగానే ప్రోగ్రాం పడిపోతుంది. స్టాటిక్ పెట్టండి, లేదా మాలక్‌తో విడిగా మెమరీ తీసుకోండి. అంత పెద్ద పట్టికలో లోపలి లూప్ రెండో ఇండెక్స్ మీద తిరిగేలా చూసుకుంటే మెమరీలో పక్కపక్కనున్నవి వరసగా అందుతాయి, తిరగేసి రాస్తే బాగా నెమ్మదిస్తుంది. 31 మండలాల లెక్కకు ఈ టెన్షన్ అక్కర్లేదు.

పులిజూదం రాయాలంటే

చదరంగానికి బోర్డు[8][8] సరిగ్గా అతుకుతుంది. వరసకు ఒకటి కలిపితే ముందు గడి, కాలమ్‌కు ఒకటి కలిపితే పక్క గడి. అదే ఊపులో పులిజూదం కూడా టూ-డీ అర్రేతో రాద్దామని కూర్చుంటారు. మన గుళ్ల బండల మీద చెక్కి ఉండే ఆ త్రికోణం గీతల్లో 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. కొనలో ఒకటే చోటు, అక్కడి నుంచి గీతలు కిందకు విచ్చుకుంటాయి. గడుల్లో ఇరికిస్తే సగం గడులు వృథా, పైగా పక్కనున్న గడికి గీత ఉండొచ్చు, లేకపోవచ్చు. అది గడుల ఆట కాదు.

అందుకని 23 చోట్లకు 0 నుంచి 22 దాకా నంబర్లిచ్చి, ఎవరున్నారో చెప్పడానికి ఇంట్ చోటు[23] అని ఒక్క వరస అర్రే పెట్టండి. మేకను చంపే ఎగురుళ్లకు వేరే జాబితా:

స్ట్రక్ట్ ఎగురు {
  ఇంట్ నుంచి;
  ఇంట్ మీదుగా;
  ఇంట్ చేరేది;
};

మూడూ ఇంట్లే. పుస్తకం సూత్రం ప్రకారం చూస్తే ఒకే టైపు, కాబట్టి ఎగురు[ఎన్][3] అని అర్రే రావాలి. కానీ ఆ మూడు కాలమ్‌లలో ఏదీ అంకె కాదు, మూడూ పేర్లే. స్ట్రక్చర్‌తో రాస్తే నియమం కోడ్‌లో చదివినట్టే ఉంటుంది: చోటు[ఇ.నుంచి]లో పులి, చోటు[ఇ.మీదుగా]లో మేక, చోటు[ఇ.చేరేది] ఖాళీ అయితే ఎగరొచ్చు. బోర్డు గీసుకుని, తిన్నగా ఉన్న మూడేసి చోట్లను రెండు వైపులా రాసుకుంటూ ఈ జాబితా నింపండి. ఆ పని అయిందంటే ఎగురుడు సరైనదా కాదా చూసే ఫంక్షన్‌లో మిగిలేది ఒక లూప్, ఒక ఇఫ్.